మడుగు నుంచి మొగ దాకా: ఉబ్బలమడుగు – పులికాట్ ఒకరోజు యాత్రలో స్థలనామం, మార్గదర్శి

వ్యాససంగ్రహం:

తిరుపతి జిల్లాలోని ఉబ్బలమడుగు జలపాతాల సహజ మడుగులను, వాటికి తూర్పున ఉన్న పులికాట్ ఉప్పునీటి సరస్సును ఒకే రోజులో దర్శించే వీలుంది. ఈ యాత్రలో ఎదురయ్యే రెండు నీటి రూపాల స్వభావాన్ని, వాటిని సూచించే తెలుగు పదాలను, వాటి నడుమ మార్గదర్శి నిర్వహించవలసిన బాధ్యతను ఈ వ్యాసం వివరిస్తుంది. ‘మడుగు’ అన్న పేరులోని హెచ్చరికను మరచిన చోట ప్రాణాలకూ, ‘సరస్సు’ అన్న పేరును యథాతథంగా నమ్మిన చోట జీవనాధారానికీ ముప్పు ఏర్పడుతుందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: మడుగు, గుండం, దొరువు, తిప్ప, మొగ, ఉబ్బలమడుగు, పులికాట్, స్థలనామాలు, మార్గదర్శి.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి సంప్రదాయంలో యాత్ర అన్న మాట తీర్థంతో ముడిపడి ఉంది. తీర్థమన్న పదానికి పుణ్యజలమన్న అర్థంతో పాటు నీటిలోకి దిగే రేవు అన్న అర్థం కూడా ఉంది. అంటే యాత్రికునికి నీరు ఎంత ముఖ్యమో, ఆ నీటిలోకి ఎక్కడ దిగాలో తెలియడం కూడా అంతే ముఖ్యం. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీలను, దారుల స్థితిగతులను, నీటి వసతిని శ్రద్ధగా నమోదు చేశారు. 1838లో అచ్చయిన ఆ గ్రంథం తరువాతి ప్రయాణికులకు దారి చెప్పే పుస్తకంగానూ ఉపయోగపడింది.

నేటి విహారయాత్రలో మజిలీలు తగ్గాయి, వేగం పెరిగింది. ఉదయం నగరంలో బయలుదేరినవారు మధ్యాహ్నానికి కొండ మడుగును, సాయంత్రానికి సముద్రతీరాన్ని చూడగలుగుతున్నారు. దారి చూపే పని చరవాణిలోని పటం చేస్తున్నది. అయితే ఆ పటం దూరాన్ని చెప్పగలదు గాని లోతును చెప్పలేదు. ఆ లోటును పూరించగలవారు స్థానిక మార్గదర్శులు. వారికి సాధనాలుగా నిలిచేవి అనుభవమూ, ఆ ప్రాంతపు పదజాలమూ.

2. యాత్రాస్థల పరిచయం:

ఉబ్బలమడుగు సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతపు అటవీ కొండల్లో ఉంది. జాతీయ రహదారిపై ఉన్న తడ నుంచి అక్కడికి వెళ్లే దారి ఉండటం వల్ల ‘తడ జలపాతం’ అన్న పేరు కూడా వాడుకలోకి వచ్చింది. అడవిలో వాగు వెంట రాళ్ల మీదుగా నడిచి వెళ్తే చిన్నవీ పెద్దవీ అయిన మడుగులు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. తడకు తూర్పున పులికాట్ సరస్సు ఉంది. 2022 నాటి జిల్లాల పునర్విభజనకు ముందు జలపాతాలు చిత్తూరు జిల్లాలోను, తడ, సూళ్లూరుపేటలు నెల్లూరు జిల్లాలోను ఉండేవి. ఇప్పుడు ఇవన్నీ తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చాయి.

యాత్రాక్రమం సాధారణంగా పడమర నుంచి తూర్పునకు, అక్కడి నుంచి ఉత్తరానికి సాగడం అనుకూలం. ఉదయం ఉబ్బలమడుగు, మధ్యాహ్నం తడ సమీపంలోని భీమునివారిపాళెం పడవల రేవు, ఆపై సూళ్లూరుపేట – శ్రీహరికోట రహదారిలోని అటకానితిప్ప, సాయంత్రం దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల రక్షితకేంద్రం. ఈ క్రమం నీరు ప్రయాణించే దిశను కూడా తెలియజేస్తుంది. ఈ కొండల ప్రాంతం నుంచి తూర్పుకు పారే కాళంగి, ఆరణి వంటి నదులు పులికాట్‌కు మంచినీటిని చేరుస్తాయి. కొండ మీద కురిసిన వానకూ సరస్సులోని ఉప్పదనానికీ ఉన్న సంబంధాన్ని మార్గదర్శి ఇక్కడే పరిచయం చేయవచ్చు.

3. మడుగు – పదం, స్వభావం:

తెలుగులో నీటి నెలవులకు పేర్లు అనేకం. ఇసుకలో ఊరే నీటికి చెలమ, చుట్టూ మెట్లున్న దేవాలయ జలాశయానికి కోనేరు, రాతిలో ఏర్పడిన లోతైన నీటి తావుకు గుండం, పారే ఏటిలో నీరు లోతుగా నిలిచిన చోటుకు మడుగు. ఈ పేర్లు పర్యాయపదాలు కావు. ప్రతి పేరూ నీరు ఎలా వచ్చింది, ఎలా నిలిచింది, ఎంత లోతున్నది అన్న వివరాలలో ఏదో ఒకదాన్ని చెబుతుంది. సంస్కృతంలో మడుగుకు సమానమైన ‘హ్రదం’ అన్న పదాన్ని అమరకోశం అగాధమైన నీరు గలదిగా నిర్వచించింది. ‘అడుగులకు మడుగులొత్తు’ అన్న జాతీయంలోని మడుగు మాత్రం వేరు. అక్కడ ఆ పదానికి వస్త్రమని అర్థం.

కావ్య, పురాణాల్లో మడుగు తరచుగా ఏదో ఒకటి దాగి ఉన్న చోటు. పోతన భాగవత దశమస్కంధంలో యమునా మడుగును కాళియుడు ఆశ్రయించాడు. భారతకథలో ఓడిన దుర్యోధనుడు ద్వైపాయన మడుగులో దాగాడు. పైన నిశ్చలంగా, లోపల ప్రమాదకరంగా ఉండే నీటిని సూచించడానికి తెలుగు శ్రోతకు ఆ ఒక్క పదం చాలింది. ఉబ్బలమడుగు అన్న స్థలనామంలోని ఉత్తరపదం కూడా ఈ అర్థాన్నే మోస్తున్నది. ‘ఈతకొలను’ అన్న ఆధునిక పదంలో ఈ అర్థం లేదు. ఈతకొలనుకు కొలిచిన లోతు, చదునైన అడుగు, కనిపించే అంచు ఉంటాయి. మడుగుకు ఈ మూడూ ఉండవు.

ఈ వ్యత్యాసానికి కారణం మడుగు ఏర్పడే తీరులోనే ఉంది. ఎత్తు నుంచి పడే నీరు తాను పడే చోట రాతిని నిరంతరం తొలుస్తుంది. వరద మోసుకొచ్చిన గులకరాళ్లు సుడిలో చిక్కి తిరుగుతూ ఆ గోతిని మరింత లోతు చేస్తాయి. ఫలితంగా ఒడ్డున మోకాటి లోతున్న నీరు రెండడుగుల దూరంలో మనిషి మునిగే లోతుకు దిగిపోవచ్చు. అంచు రాయి కింద నీరు లోపలికి తొలిచిన గూళ్లు ఉండవచ్చు. పైనీరు ఎండకు వెచ్చబడినా అడుగునీరు చల్లగానే ఉండి ఈతగాని కండరాలను బిగదీయవచ్చు. నాచు పట్టిన రాయి పొడిగా కనిపించినా పాదాన్ని నిలువనీయదు.

4. మడుగు వద్ద మార్గదర్శి:

ఉబ్బలమడుగు పరిసరాల్లో నీట మునిగి సందర్శకులు మరణించిన ఘటనలు పలుమార్లు జరిగాయి. ఇటువంటి చోట్ల మరణాలు ఒకటితో ఆగకపోవడానికి ఒక కారణం ఉంది. ఒకరు జారిపడితే, వారిని రక్షించాలని ఈత సరిగా రాని మరొకరు దూకుతారు. మునిగేవారు దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటారు కనుక ఇద్దరూ మునుగుతారు. స్నేహమే ఇక్కడ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది. అందువల్ల నీటిలో దిగకముందే మార్గదర్శి చెప్పవలసిన మొదటి మాట: ఎవరైనా మునుగుతుంటే దూకకూడదు, తాడు గాని, పొడవైన కర్ర గాని, కనీసం పైబట్ట గాని అందించాలి.

రెండవది వానకు సంబంధించినది. ఈ ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాల వల్ల అధిక వర్షం లభిస్తుంది. జలపాతం నిండుగా కనిపించే కాలమూ, వాగు అకస్మాత్తుగా పొంగే కాలమూ ఒకటే. మడుగు దగ్గర ఎండ కాస్తున్నా పైకొండ మీద వాన కురిస్తే కొద్దిసేపట్లోనే నీటిమట్టం పెరగవచ్చు. నీటి రంగు మట్టిగా మారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, నీటి శబ్దం హెచ్చడం వరదకు ముందు కనిపించే గుర్తులు. వాటిని గుర్తించగానే అందరినీ ఒకే ఒడ్డుకు, ఎత్తైన చోటుకు చేర్చడం మార్గదర్శి కర్తవ్యం. అటవీశాఖ అనుమతించని మడుగులోకి దిగనీయకపోవడం అన్నిటికన్నా ముందుగా పాటించవలసిన నియమం.

5. పులికాట్ – పేరు, స్వభావం:

పులికాట్ దేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణభాగం తమిళనాడులోను ఉంది. సుమారు 60 కిలోమీటర్ల పొడవున్నా సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. దీనిని బంగాళాఖాతం నుంచి వేరు చేసే శ్రీహరికోట దీవిని 1969లో అంతరిక్ష ప్రయోగాల కోసం ఎంపిక చేశారు. దక్షిణాన ఉన్న పట్టణానికి తమిళంలో పళవేర్కాడు అని పేరు. అది ఐరోపా వర్తకుల నోట పులికాట్‌గా మారి, చివరకు సరస్సు మొత్తానికీ స్థిరపడింది.

ఇంత పెద్ద నీటి విస్తీర్ణానికి తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు వాడే మాట ‘సరస్సు’. కొల్లేరుకూ అదే మాట. అయితే కొల్లేరు మంచినీటి సరస్సు. పులికాట్ భూగోళ శాస్త్రం లాగూన్ అని పిలిచే తరహాకు చెందినది. సరస్సుకు గట్టు ఆధారం, లాగూన్‌కు సముద్రంతో కలిసే ద్వారం ఆధారం. తీరాంధ్రలో ఆ ద్వారాన్ని ‘మొగ’ అంటారు. పోటు సమయంలో సముద్రపు నీరు మొగ గుండా లోనికి వస్తుంది, పాటు సమయంలో వెలుపలికి పోతుంది. రొయ్యలలో పలు జాతులు సముద్రంలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు మొగ గుండా సరస్సులోకి చేరి, పెరిగి, తిరిగి సముద్రానికి వెళ్తాయి. మొగ ఇసుకతో పూడితే ఈ రాకపోకలు ఆగుతాయి. వేసవిలో ఆవిరైన నీటికి బదులు నీరు రాక ఉప్పదనం పెరుగుతుంది, వలకు చేప తగ్గుతుంది.

పులికాట్ ఉత్తరభాగంలోని రాయదొరువు వంటి చోట్ల మొగ పూడికను తొలగించాలన్నది మత్స్యకారుల దీర్ఘకాలపు కోరిక. సరస్సు అంటే నిలువ నీరన్న భావనతో చూసేవారికి ఈ కోరిక అర్థం కాదు. నీటిని సముద్రంలోకి వదిలేయడం నష్టమని వారికి తోచవచ్చు. లాగూన్ ఊపిరి తీసుకునేది ఆ ద్వారం గుండానే అని వివరించినప్పుడు సందర్శకుని దృష్టి మారుతుంది. ఇక్కడి స్థలనామాలు ఆ వివరణకు తోడ్పడతాయి. నెల్లూరు తీరప్రాంతంలో ఇసుకనేలలో తవ్విన లోతు తక్కువ నీటిగుంటను దొరువు అంటారు. నీటి నడుమ గాని, నీటి అంచున గాని పొడుచుకు వచ్చిన మెరకను తిప్ప అంటారు. రాయదొరువు, అటకానితిప్ప అన్న పేర్లు వింటే ఇసుక, నీరు నిత్యం స్థానం మార్చుకునే నేల కళ్లకు కడుతుంది.

6. పడవ, పక్షి:

భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి పడవలు నడుస్తాయి. దీవివాసులకు అవి నిత్యావసరం, సందర్శకులకు వినోదం. లోతు తక్కువ కదా అన్న ధీమా ఇక్కడి ప్రమాదాలకు దారితీస్తుంది. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్‌లో విహారానికి వెళ్లిన పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. పడవ మోయగల సంఖ్యను మించి ఎక్కకపోవడం, ప్రాణరక్షక జాకెట్టు తొడుక్కోవడం, ఫొటోల కోసం అందరూ ఒకేవైపు చేరకపోవడం అన్న మూడు నియమాలు రేవులోనే చెప్పి తీరాలి.

పక్షుల విషయంలోనూ వివరణ లేనిదే దర్శనం పూర్తికాదు. ఫ్లెమింగో పక్షులు తలను తలకిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని వడగట్టి ఆహారం గ్రహిస్తాయి. అందుకే వాటికి పలుచని నీరు కావాలి. పెలికాన్‌ను తెలుగులో గూడబాతు అంటారు. పొలానికి నీరు చల్లే బుట్టకు గూడ అని పేరు. ముక్కు కింది సంచితో నీటిని తోడి చేపను పట్టే పక్షికి ఆ పేరు చక్కగా అమరింది. 1976లో ఏర్పడిన నేలపట్టు రక్షితకేంద్రం విస్తీర్ణం 458.92 హెక్టార్లు మాత్రమే. గూడబాతులు అక్కడి చెరువులోని చెట్లపై గూళ్లు కట్టి, మేత కోసం పులికాట్‌కు ఎగిరివెళ్తాయి. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువునీరు కింది పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని గ్రామస్థులు ఎరుగుదురు. అందువల్ల వారికి ఆ పక్షులు అతిథులు మాత్రమే కాదు, సేద్యంలో భాగస్థులు కూడా. సాయంత్రం గూటికి చేరే పక్షుల బారును చూపుతూ, చెరువూ సరస్సూ ఒకదానిపై ఒకటి ఆధారపడిన తీరును మార్గదర్శి సులభంగా బోధించగలరు.

7. మార్గదర్శి అర్హత:

పై వివరాలను బట్టి ఈ యాత్రకు కావలసిన మార్గదర్శి అర్హతలు స్పష్టమవుతాయి. ప్రథమచికిత్స, నీటి రక్షణ పద్ధతులలో శిక్షణ మొదటిది. స్థానిక పదజాలం తెలిసి ఉండటం రెండవది. ఈ రెండవ అర్హత అడవిని, ఏటిని, సరస్సును నమ్ముకుని బతికిన సముదాయాలలో సహజంగానే ఉంది. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా నివసించిన యానాదులు అంతరిక్ష కేంద్రం ఏర్పడినప్పుడు ఆవాసాలను విడువవలసి వచ్చింది. వనమూలికలు, చేపల సంచారం, నీటి తావుల గురించి వారికున్న ఎరుక ప్రసిద్ధం. సరస్సు మొగల తీరు పట్టపు మత్స్యకారులకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. పర్యాటకం ఈ సముదాయాల యువతకు మార్గదర్శులుగా వేతనం, గౌరవం కల్పిస్తే వారి జ్ఞానం నిలుస్తుంది, సందర్శకుల ప్రాణమూ నిలుస్తుంది. వారి నుంచి మడుగుల పేర్లు, తిప్పల పేర్లు, పోటుపాట్ల మాటలు సేకరించడం తెలుగు స్థలనామ పరిశోధనకూ అవసరమైన పని.

8. ముగింపు:

ఉబ్బలమడుగు, పులికాట్ రెండూ ఒకే వాననీటి ప్రయాణంలోని రెండు దశలను చూపుతాయి. మొదటి చోట లోతును, రెండవ చోట ద్వారాన్ని గుర్తించడం ముఖ్యం. పూర్వులు ఆ రెండింటినీ మడుగు, మొగ అన్న రెండు చిన్న పదాలలో నిక్షేపించారు. మడుగును ఈతకొలనుగా, లాగూన్‌ను చెరువుగా పొరబడకుండా కాపాడే బాధ్యత మార్గదర్శిది. రేవు వద్ద, అడవి ముఖద్వారం వద్ద నాటే హెచ్చరిక పలకలపై ‘లోతైన నీరు’ అన్న సాధారణ వాక్యంతో పాటు ఆయా మడుగుల స్థానిక నామాలను, వాటి అర్థాలను కూడా రాయించడం ఈ దిశలో తక్కువ ఖర్చుతో చేయగల మొదటి పని.