మీకు తెలుసా? బైక్ ఆయిల్ క్లచ్‌ను కూడా తడుపుతుంది

గేర్లున్న మోటార్‌సైకిళ్లలో చాలావాటికి ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు, క్లచ్‌కు కలిపి ఒకటే ఆయిల్. మామూలు గేర్ల కారులో క్లచ్ పొడిగా, విడిగా ఉంటుంది. బైక్‌లో మాత్రం క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో తడుస్తూనే తిరుగుతాయి. విడిగా కొని ఆయిల్‌లో కలిపే రసాయనంతో, అంటే అడిటివ్‌తో, చిక్కంతా ఇక్కడే. పిస్టన్‌కు రాపిడి తగ్గితే మేలు, క్లచ్ ప్లేట్లు పట్టు నిలుపుకోవాలంటే రాపిడి ఉండి తీరాలి. మాలిబ్డినం డైసల్ఫైడ్ వంటి జారుడు పదార్థాలు కలిస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. అప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి వేగం పెరగదు.

ఈ తేడాను దృష్టిలో పెట్టుకునే జపాన్‌లో 1998లో జాసో టి 903 ప్రమాణం వచ్చింది. డబ్బాపై ఎంఏ, ఎంఏ1, ఎంఏ2 అని ఉంటే ఆ ఆయిల్ తడి క్లచ్‌కు సరిపోతుంది. ఎంబీ రకంలో రాపిడి తక్కువ; అది గేర్లులేని స్కూటర్లకు. పైనుంచి ఇంకేదైనా కలిపాక ఆ గుర్తుకు విలువ లేనట్టే.

అసలు మంచి ఆయిల్‌లో అడిటివ్‌లు ముందే ఉంటాయి. అరుగుదలను తగ్గించే జింక్ సమ్మేళనాలు, మడ్డి పేరుకోనివ్వని డిటర్జెంట్లు, నురగను అణిచే రసాయనాలు తయారీలోనే కొలత ప్రకారం కలుస్తాయి. ఇక విడిగా అమ్మే అడిటివ్‌ల సంగతికొస్తే, అమెరికాలో స్లిక్ 50 అనే అడిటివ్ ప్రకటనల్లోని గొప్పలకు ఆధారాల్లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించగా, 1997లో ఆ వివాదం రాజీతో ముగిసింది. పాత ఇంజిన్‌లో చిక్కటి అడిటివ్ పోస్తే చప్పుడు కొన్నాళ్లు తగ్గవచ్చు. అరిగిన పిస్టన్ రింగులు అరిగినట్టే ఉంటాయి.