కంచె వెనక వరోషా

సైప్రస్ ద్వీపపు తూర్పు తీరంలోని పాత రేవు పట్టణం ఫామగుస్తా. కోటగోడలకు దక్షిణాన సముద్రం వెంట పెరిగిన పేట వరోషా. 1970ల మొదట్లో ఇక్కడి ఒడ్డంతా హోటళ్లే. యూరప్ నుంచి జనం సెలవులకు వచ్చేవారు. 1974 ఆగస్టులో ఆ పేట రోజుల వ్యవధిలో ఖాళీ అయింది.

1960లో స్వతంత్రమైన సైప్రస్‌లో గ్రీకు మాట్లాడేవారు ఎక్కువ, టర్కిష్ మాట్లాడేవారు తక్కువ. 1963 చివర్లో ఈ రెండు వర్గాల మధ్య కొట్లాటలు మొదలయ్యాయి. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి శాంతిసేన దిగింది. ఆ సేనను నడిపినవారిలో భారతీయులున్నారు: జనరల్ తిమ్మయ్య 1965లో అక్కడే విధుల్లో ఉండగా కన్నుమూశారు, 1974లో సేనాపతి దివాన్ ప్రేమ్‌చంద్. ఆ ఏడు జూలై 15న గ్రీస్ సైనిక పాలకుల అండతో సైప్రస్‌లో ప్రభుత్వాన్ని కూలదోశారు. జూలై 20న టర్కీ సేన దిగింది. ఆగస్టు 14న మళ్లీ ముందుకు కదిలింది. వరోషాలోని గ్రీకు కుటుంబాలు నాలుగు రోజుల్లో తిరిగొస్తామనుకుని కట్టుబట్టలతో వెళ్లాయి. వెనకాలే టర్కీ సైన్యం కంచె వేసింది; ద్వీపం ఉత్తరం, దక్షిణం అని చీలిపోయింది.

అయితే సరిహద్దు గీత గీసినంత మాత్రాన ఊరు పాడుబడదు. ఉదాహరణకు మన దగ్గర, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోది. 1956 నవంబరు 1న అది బొంబాయి రాష్ట్రానికి, పక్కనున్న బాసర ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అయినా రైలు ఆగలేదు, మిరప బజారు ఆగలేదు, అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకోవడమూ ఆగలేదు. గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ గురించి రెండు రాష్ట్రాల తగాదా సైతం సుప్రీంకోర్టుకు వెళ్లి, 2013లో తీర్పుతో తేలింది. వరోషాను చంపింది గీత కాదు, ఇంటివాళ్లను ఇంటికి రానివ్వకపోవడం.

46 ఏళ్ల తర్వాత, 2020 అక్టోబరు 8న, ఒడ్డునూ కొన్ని వీధులనూ ఉత్తర సైప్రస్ పాలకులు సందర్శకులకు తెరిచారు. ఆ పాలనను టర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదు. దక్షిణం నుంచి వచ్చేవారు డెరీనియా దారిలో తనిఖీ దాటి రావచ్చు; ఆ దారి 2018లో తెరుచుకుంది. తారు వేసిన రోడ్డు మీద నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. భవనాల్లో అడుగుపెట్టడం మాత్రం నిషేధం. కిటికీలు లేని హోటళ్లు, పెచ్చులూడిన దుకాణాలు, గోడలు చీల్చుకుని ఎదిగిన చెట్లు అడ్డంగా కట్టిన తాడుకు ఇవతలి నుంచే చూడాలి. సొంత ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ముసలివాళ్లకూ అదే నియమం. ఇంతకంటే అన్యాయమైన సందర్శన ఊహించడం కష్టం. సరదాగా ఫొటోలు తీసుకునేవారు ఆ ఇళ్లకు యజమానులున్నారని మరవకూడదు.

వరోషాలో అక్కడివాళ్లు తప్ప ఇతరులు స్థిరపడటం అంగీకారయోగ్యం కాదని, పేటను ఐక్యరాజ్యసమితి పాలనకు అప్పగించాలని భద్రతా మండలి 1984లోనే 550వ తీర్మానంలో చెప్పింది. 2004లో ద్వీపాన్ని మళ్లీ కలపడానికి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అన్నన్ ప్రతిపాదించిన ప్రణాళిక పేటను తిరిగి ఇవ్వజూపింది. ఏప్రిల్ 24న జరిగిన ఓటింగులో గ్రీకు సైప్రియట్లు ఆ ప్రణాళికను తిరస్కరించారు, టర్కిష్ సైప్రియట్లు ఒప్పుకున్నారు. 2021 జూలైలో 3.5 శాతం భాగాన్ని పునరావాసానికి తెరుస్తామని ఉత్తర పాలకులు ప్రకటించగా, భద్రతా మండలి ఖండించింది.