పొడి మందు ఇన్‌హేలర్

పొడి మందు ఇన్‌హేలర్ అనగా ఉబ్బసం వంటి శ్వాసకోశ వ్యాధులకు మందును పొడి రూపంలో నేరుగా ఊపిరితిత్తులకు చేర్చే సాధనము. ఇందులో మందును చిమ్మే వాయువు ఉండదు. రోగి పీల్చే గాలియే దానిని లోపలికి తీసుకుపోతుంది.

రూపకల్పనలో చిక్కు

ఊపిరితిత్తుల లోతుకు చేరాలంటే మందు రేణువులు సుమారు 1 నుండి 5 మైక్రోమీటర్ల పరిమాణంలో ఉండాలి. అంతకంటే పెద్దవి చాలావరకు గొంతులోనే నిలిచిపోతాయి. అయితే ఇంత సన్నని పొడి ఉండలు కడుతుంది. అందుచేత సాధారణంగా దానిని లాక్టోజు (పాలచక్కెర) ముతక రేణువులతో కలుపుతారు. పీల్చినపుడు మందు వాటినుండి విడివడాలి. బలంగా పీల్చలేని చిన్నపిల్లలకు, ఉబ్బసం తీవ్రమైనవారికి మందు సరిగా అందకపోవచ్చును.

మెరుగుదలలు

ఉండలు విడిపోవుటకు టర్బుహేలర్ నోటిభాగంలో మెలికల కాలువలు అమర్చారు. రంధ్రాలుగల తేలికపాటి రేణువులు పెద్దవైనా లోతుకు చేరగలవని, అంతగా ఉండకట్టవని 1997లో డేవిడ్ ఎడ్వర్డ్స్, రాబర్ట్ లాంగర్ బృందం చూపింది.