అన్యాయ మను మాట

మన యిండ్లలో దినమునకుఁ బదిమారులైనను వినవచ్చు మాట 'అన్యాయము'. పాలు విరిగిన "అన్యాయముగాఁ బోయిన" వందుము. చిన్నవయసున నెవరేని గతించిన "అన్యాయముగాఁ బోయినాఁ" డందుము. దుఃఖమున "అన్యాయమై పోతి" నని గుండెలు బాదుకొందుము. కూరలమ్మి ధర హెచ్చించిన నదియు నన్యాయమే. వీనిలోఁ జాలవఱకు దోషి యెవఁడును లేఁడు. నష్టమో జాలియో మాత్రము కలదు.

పదమును విడఁదీసి చూతము. 'ని' యను నుపసర్గతో, పోవుట యను నర్థముగల 'ఇ' ధాతువు చేరి న్యాయశబ్ద మేర్పడినది. క్రమము, పద్ధతి, నడవవలసిన త్రోవ యని తాత్పర్యము. కనుకనే కుండలో నొక్క మెతుకు పట్టి చూచి యన్న ముడికిన దని తెలిసికొనుటకు స్థాలీపులాకన్యాయ మని పేరు. మన వంటయింటికి శాస్త్రకారు లిచ్చిన గౌరవ మిది! ఆ త్రోవ తప్పుటయే యన్యాయము. ('అన్యాక్రాంతము' దీనికిఁ జుట్టము కాదు, అది యన్యు లాక్రమించినది.) త్రోవ తప్పినవాఁ డొకఁ డుండవలెను గదా.

ఇఁక మా యింటి సంగతి. మాకు మేనత్త లిరువురు. పెద్దత్తయ్యగారి పెండ్లి 1984లోను, చిన్నత్తయ్యగారి పెండ్లి 1988లోను జరిగినవి. 1985 సెప్టెంబరు 5 మొదలుకొని వర్తించునట్లు ఆంధ్రప్రదేశ్ శాసన మొకటి యుమ్మడి యాస్తిలోఁ గూఁతునకుఁ గొడుకుతో సమానభాగ మిచ్చినది. అంతకుముందే పెండ్లియైనవారికి మాత్రము లేదు. 1990లో పంపకములై పత్రములు రిజిస్టరయినవి. పెద్దామెను బిలువనే లేదు. చిన్నామె పసుపుకుంకుమలతో నొక చీర పుచ్చుకొని, హక్కు వదలుకొన్నట్లు సంతకము చేసిరి. 2005లో కేంద్రశాసనము పెండ్లియైన కూఁతులకును భాగ మిచ్చినను, 2004 డిసెంబరు 20కిఁ బూర్వము రిజిస్టరయిన పంపకములను గదల్పలేదు. కూఁతు హక్కు పుట్టుకతోనే వచ్చు నని 2020లో సుప్రీముకోర్టు చెప్పినది. అదియు వీరి కక్కఱకు రాలేదు.

పాలు విరిగిన దినమున నోరార ననెడి యా మాటను దమ విషయమున నాయిరువురు నెన్నఁడు ననఁగా మేము వినలేదు. "ఆచార" మనిరి. మొన్న పెద్దత్తయ్యగారిని గారణ మడిగితిమి. "ఆ మాట యొక్కసారి నోరు జాఱిన, పండుగకుఁ బోవుటకుఁ బుట్టిల్లుండదమ్మా" యనిరి.

చిన్నత్తయ్యగారు తమ స్వంతపు టెకరమును గొడుకునకుఁ గూఁతునకుఁ జెఱిసగముగా వ్రాయించి, దస్తావేజును మాచేత రెండుమారులు చదివించుకొనిరి.