ఎనిమిదింట ఐదు వంతుల మనిషి

అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లులో 1952లో ఆటోమేటిక్ మగ్గాలు దిగాయి. పాత మగ్గం మీద నాడెలో కండె అయిపోతే మగ్గం ఆపి, కొత్త కండె పెట్టి, మళ్లీ నడపాలి. కొత్త మగ్గానికి ఆ బెడద లేదు. పక్కన ‘బ్యాటరీ’ అనే గుండ్రటి చట్రం ఉంటుంది. అందులో కండెలు వరసగా బిగించి పెడితే, నాడెలో నూలు అయిపోగానే మగ్గమే కొత్తది అందుకుంటుంది. ఎన్ని మగ్గాలకు ఎంతమంది కావాలో నిపుణులు ముందే లెక్కగట్టి పెట్టారు. అయినా పాత మగ్గాలతో పోలిస్తే గుడ్డ ఎక్కువ రాలేదు, మేలుగానూ రాలేదు.

మిల్లు అప్పట్లో సారాభాయి కుటుంబానిది. వాళ్ల పిలుపు మీద లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చి, 1953లో ఆ షెడ్డును పరిశీలించాడు. 224 మగ్గాలు, 29 మంది మనుషులు, వాళ్ల మధ్య 12 రకాల పనులు. నేసేవాళ్లు వేరు, బ్యాటరీ నింపేవాళ్లు వేరు, పడుగు పోగులు గుంపుగా తెగినప్పుడు వచ్చి అతికేవాళ్లు వేరు. నూనె వేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, నేసిన గుడ్డ మోసేవాళ్లు సరేసరి. ఒక్కో నేతగాడికి 24 గానీ 32 గానీ మగ్గాలు. బ్యాటరీ నింపే మనిషికి 40 నుంచి 50. పోగులు అతికే మనిషికి సుమారు 75. ఈ అంకెలను భాగించి చూస్తే ఒక్కో నేతగాడి వంతుకు బ్యాటరీ మనిషిలో ఎనిమిదింట ఐదు వంతులు, పోగులు అతికే మనిషిలో ఎనిమిదింట మూడు వంతులు వస్తారు.

కాగితం మీద లెక్క సరిపోయింది. షెడ్డులో మాత్రం పోగులు తెగి మగ్గం ఆగిపోయిన వేళకు, అతికే మనిషి మరో నేతగాడి దగ్గర ఉంటాడు. అతన్ని పిలవడమే తప్ప రమ్మని గట్టిగా అడిగే హక్కు మగ్గం ఆగిన నేతగాడికి లేదు. రావడం ఆలస్యమైందని నిందించడానికీ వీల్లేదు, ఎందుకంటే అతని లెక్క వేరు. గుడ్డ పాడైతే పాపం ఎవరిదో తేల్చడానికి సూపర్‌వైజర్ రావాలి. 29 మందీ ఎవరి పని వాళ్లు చేస్తున్నారు. గుడ్డ మాత్రం ఎవరి పనీ కాదు.

రైస్ సూచన సాదాసీదాది. మనుషుల్ని పనుల వారీగా కాక మగ్గాల వారీగా జట్టు కట్టండి అన్నాడు. 64 మగ్గాలకు ఏడుగురు. ఆ మగ్గాల మీద వచ్చే గుడ్డంతటికీ వాళ్లదే బాధ్యత, ఏ పూట ఎవరు ఏం చేయాలో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. యాజమాన్యం దీని మీద చాలాకాలం చర్చలు జరుపుతుందని అనుకున్నారు కాబోలు. సంగతి చెవిన పడీ పడకముందే కార్మికులు తమలో తాము మాట్లాడుకుని, ఎవరెవరు ఏ జట్టో పేర్లు సిద్ధం చేసుకున్నారు.

మొదట ఉత్పత్తి ఎగబాకింది. ఆ ఊపులో మగ్గాల బాగోగులు వెనకబడ్డాయి, ఉత్పత్తి మళ్లీ పడింది. ఆ తర్వాత నిలదొక్కుకుంది. మగ్గాల సామర్థ్యం 80 శాతం నుంచి 95 శాతానికి చేరింది. పాడైన గుడ్డ 32 శాతం నుంచి 20కి తగ్గింది. అదే షెడ్డులో పాత పద్ధతిలోనే సాగిన భాగంలో సామర్థ్యం 80 దాటలేదు. యంత్రాలు, మనుషులు అవే. మారింది పనిని పంచుకున్న తీరు. పట్టుగా అడిగేవాళ్లు ఇక్కడ ఒక మాట అడగవచ్చు: జీతాల శ్రేణులు కూడా అప్పుడే సవరించారు కదా, ఆ ప్రభావమెంత? న్యాయమైన ప్రశ్నే. మిల్లు ప్రయోగశాల కాదు, ఒక్కో కారణాన్నీ విడదీసి తూచడం కుదరదు. అయితే ఒక్క మిల్లు మీదే ఆధారపడాల్సిన అవసరమూ లేదు.

వృత్తిలో తృప్తి గురించి మన దగ్గర రెండే సలహాలు వినబడతాయి. ఇష్టమైన పని వెతుక్కో అనేది ఒకటి, దొరికిన పనిని ఇష్టపడు అనేది రెండోది. రెండూ మనిషి మనసు గురించే మాట్లాడతాయి. పని ఎలా కట్టి ఉందో ఏ పెద్దాయనా అడగడు. గత 70 ఏళ్ల పరిశోధన మాత్రం ఎక్కువగా చూసింది ఆ కట్టుబడినే. 1976లో హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే అమెరికా పరిశోధకులు పనిలో ఐదు లక్షణాలను ఏరి చూపించారు: నైపుణ్యాల్లో వైవిధ్యం, మొదలూ తుదీ ఉన్న పూర్తి పని, దానివల్ల మరొకరికి కలిగే మేలు, చేసే తీరు మీద స్వేచ్ఛ, ఎలా చేశామో వెంటనే తెలియడం. కాలికో నేతగాడికి జట్టు కట్టక ముందు ఇందులో ఏ ఒక్కటీ దక్కలేదనే చెప్పాలి.

వీటన్నిటిలో స్వేచ్ఛది ప్రత్యేక స్థానం. దాని లోటు ఒంటి మీద కూడా కనబడుతుంది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకే గుండెజబ్బులు ఎక్కువని ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. 1967లో లండన్‌లో వైట్‌హాల్ ప్రభుత్వ ఉద్యోగుల మీద మొదలైన అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. సుమారు 18 వేల మంది పురుష ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, అట్టడుగున ఉన్న ప్యూన్ల స్థాయి వాళ్లలో గుండెజబ్బు మరణాలు పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లున్నాయి. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో పెద్ద భాగం మిగిలిపోయింది. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో 10,308 మంది స్త్రీ పురుషులతో రెండో అధ్యయనం మొదలైంది. తన పని ఎప్పుడు, ఎలా చేయాలో తేల్చుకునే వీలు ఎవరికి తక్కువో, వాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా కనబడింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ కూడా వాళ్లలో ఎక్కువే.

బాధ్యత భారమైనా, దాన్ని తనకు తోచినట్టు మోసే వీలుంటే శరీరం ఓర్చుకుంటుంది. భారమూ ఉండి, కదిలే వీలూ లేకపోతేనే చిక్కు. పరిశోధకుడు రాబర్ట్ కారసెక్ 1979లో ఈ రెంటినీ కలిపి ఒక నమూనా చెప్పాడు. అలాగని భయపెట్టాల్సినంత లేదు. 2012లో ఐరోపా దేశాల్లోని దాదాపు 2 లక్షల మంది వివరాలు కలిపి చూస్తే, అలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు 23 శాతం మాత్రమే ఎక్కువని తేలింది. సిగరెట్టుతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ సిగరెట్టు ఇంటికి పోయి మానేయొచ్చు, షిఫ్టును మానలేం.

ఇక మేలు సంగతి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో విరాళాల కోసం ఫోన్లు చేసే కుర్రకారు ఉండేవారు. విసుగు పుట్టించే పని, ఎక్కువగా తిరస్కారాలే. ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థితో వాళ్లను ఐదు నిమిషాల పాటు మాట్లాడించారు పరిశోధకుడు ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది. తెచ్చిన సొమ్ము రెండున్నర రెట్లు దాటింది. ఉపన్యాసం లేదు, బోనస్ లేదు. తమ పని ఎవరి దగ్గరికి చేరుతోందో కంటితో చూశారు, అంతే.

ఈ చోట హైదరాబాద్ గుర్తుకు రాకమానదు. కాల్ సెంటర్లలో ఒక్కో కాలూ ఎన్ని నిమిషాల్లో ముగించాలో లెక్క ఉంటుంది. అవతలి మనిషి సమస్య తీరిందో లేదో తెలిసేలోపే తర్వాతి కాల్ మోగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పనిని టికెట్లుగా కోస్తారు. తన టికెట్ మూసినవాడికి తాను చేసిన బటన్‌ను ఎక్కడో ఎవరు నొక్కుతారో తెలియకుండానే ప్రాజెక్టు మారిపోతుంది. జీతం బాగుంది, ఏసీ ఉంది, అయినా ఆదివారం సాయంత్రానికి గుండె బరువెక్కుతుంది. ఇది బద్ధకమని ఇంట్లో పెద్దలు అనుకుంటారు. నాకు మాత్రం ఇది ఎనిమిదింట ఐదు వంతుల లెక్కే అనిపిస్తుంది.

తప్పు యంత్రానిదని అనుకునేరు. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ చాలామందికి తెలిసిందే. పోచంపల్లి చీరకు రంగులు అద్దే ముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడించాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్లు కష్టపడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం చెయ్యి ఆడించే చాకిరీని మాత్రమే తీసుకుంది. ఏ డిజైను వేయాలి, ఏ రంగు ఎక్కడ పడాలి, ముడి ఎక్కడ కట్టాలి అన్నవి ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. చీర ఎవరిదో చెప్పడానికి ఆ ఇంట్లో సూపర్‌వైజర్ అక్కర్లేదు. నేత ఇళ్ల ఆదాయం గురించి ఇదేమీ చెప్పదు, ఆ గోడు వేరే ఉంది. తృప్తి ఉన్నంత మాత్రాన తక్కువ కూలి న్యాయమైపోదు.

ఉన్న ఉద్యోగంలోనే కొంత సవరించుకోవచ్చని ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో రాశారు. ఆసుపత్రిలో ఊడ్చే సిబ్బందిలో కొందరు తమను వైద్యం చేసే జట్టులో భాగమనుకుని, రోగులతో మాట్లాడటాన్ని కూడా పనిలో కలుపుకున్నారట. మంచిదే. అయితే ఈ పరిశోధన చేతికందితే కొన్ని యాజమాన్యాలకు పండగే, అర్థాన్ని వెతుక్కోవడం కూడా ఉద్యోగి మెడకే చుట్టేయొచ్చు కదా! అందుకే కొత్త ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూలో జీతంతో పాటు మరికొన్ని అడిగితే మేలు. పని చివరికి ఎవరికి చేరుతుంది, వాళ్లను కలిసే వీలుందా? పని మధ్యలో చిక్కుపడితే నేనే తేల్చొచ్చా, ఎవరి అనుమతైనా కావాలా? తప్పు జరిగితే ముందు నాకు తెలుస్తుందా, నెలాఖరు రిపోర్టులో తెలుస్తుందా?

జట్టు పద్ధతి వచ్చిన 16 ఏళ్ల తర్వాత, 1970లో, టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ కాలికోకు తిరిగి వెళ్లి చూశాడు. ఆ పద్ధతి అమలైన చోట్లలో ఒకదానిలో జట్లు, వాటి పనితనం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మిగతా చోట్ల వేర్వేరు మోతాదుల్లో పాత పద్ధతికి జారిపోయాయి. అక్కడ బయటి పరిస్థితులు మారాయి. ఆ ఒత్తిళ్లు జట్ల దాకా రాకుండా కాచుకోవాల్సిన పైవాళ్లు కాచుకోలేకపోయారు.