పెట్టెలో మిగలని బట్టలు

అమ్మమ్మ పట్టుచీర చాలా ఇళ్లలో భద్రంగా ఉంటుంది. పెళ్లినాటి జరీ రవికా ఏ పెట్టె అడుగునో దొరుకుతుంది. మరి ఆ చీర కింది లంగా, రవిక లోపలి బాడీ? చిరిగేదాకా వాడి, ఆపైన మసిగుడ్డలు చేసేసి ఉంటారు. అందుకే పాతకాలం లోదుస్తులు ఎలా ఉండేవో తెలియాలంటే కుట్టుకుని చూడాల్సిందే.

ముంచింగిపుట్టులో కూర్చుని ఈ మాట రాయడానికి కారణం ఉంది. ఇక్కడా, అరకు వైపూ గదబలు ఉన్నారు. పూర్వం ఆ ఆడవాళ్లు కెరంగ్ అనే నారకు నూలు కలిపి, రంగుల చారలతో గుడ్డ నేసుకునేవారు. నడుము వెనక నల్లతాళ్లతో అల్లిన ఒక కట్టు కట్టుకునేవారు. పేరు ఇర్రె. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో దాని ప్రస్తావన, ఒక కథ ఉన్నాయి. మారువేషంలో వచ్చిన దేవత మంచం మీద కాసేపు కూర్చుంటానంటే, బిచ్చగత్తెలకు నేలే చోటు అందట ఒక గదబ స్త్రీ. ఆ దురుసుతనం గుర్తుండేలా అందరూ ఇర్రె కట్టాలని దేవత శాసించిందట!

కథ బాగానే ఉంది గానీ, నాకు ఒళ్లు మండింది. 1870, 80లలో లండన్ దొరసానులు తీగలు, మెత్తలు పెట్టి గౌను వెనక ఎత్తు చేసుకుంటే అది ఫ్యాషన్. దానికి ఎవరి నోటి దురుసూ కారణం కాలేదు!

సరే, కుట్టు సంగతికొద్దాం. కొత్తవాళ్లు లంగాతో మొదలుపెట్టండి. ఇప్పటి ఆరు ముక్కల లంగా కాదు, కుచ్చుల లంగా. 36 అంగుళాల పన్నా పాప్లిన్ రెండుంపావు మీటర్లు చాలు. ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే తర్వాత కురచవుతుంది. రెండు సమాన ముక్కలు చేసి పక్కలు కలపండి. ఒక పక్క పైన నాలుగంగుళాలు వదిలేయాలి, బొందు ముడి అక్కడే. అంచులు లోపలికి మడిచి రెండోసారి కుట్టండి. ఒంటికి రాసుకునే బట్ట కదా, పోగులు గుచ్చుకోకూడదు. పైన ఒకటిన్నర అంగుళం మడిచి కుట్టి బొందు దూర్చేయడమే.

తర్వాత ముడి రవిక. డార్టులూ, హుక్కులూ, కాజాలూ ఏమీ లేవు. ముందు రెండు ముక్కల కొసలు ఎనిమిదంగుళాలు పొడవుగా వదిలితే, ముడి వేసినప్పుడు దానంతటదే ఒంటికి సరిపోతుంది. బిగుతు కావాలంటే బిగుతు, బాలింతకు వదులు. చంక కింద మూడంగుళాల చదరపు ముక్క వేయడం మరవకండి, చెయ్యెత్తితే చిరగదు. మొదటిది పాత దుప్పటి గుడ్డతో కుట్టి చూసుకోవడం మేలు.

ఇంత తేలికా అనుకోకండి. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందిన బ్రాసియరుకు మూలం రెండు చేతిరుమాళ్లు, కాస్త రిబ్బనే!

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటే, కత్తెర పట్టేముందు ఆవిడను అడగండి, మీ రోజుల్లో జాకెట్టు లోపల ఏం తొడుక్కునేవారని. మొదట సిగ్గుపడి కసురుతారు. పక్కన మగవాళ్లెవరూ లేకుండా చూసుకుని మళ్లీ అడగండి.