ఆసుపత్రి తలుపు తెరచియుంచే సొమ్ము

ఊరికి ఆసుపత్రి మంజూరయినదన్న వార్త విన్ననాడు మనకందరకూ సంతోషమే. శంకుస్థాపన జరుగుతుంది, మంత్రిగారు వస్తారు, పాలరాతి ఫలకం మీద పేర్లు చెక్కుతారు. పది ఏండ్లు గడచిన పిమ్మట ఆ ఆసుపత్రిలో రాత్రివేళ దీపం వెలుగుతున్నదా, జనరేటరులో డీజిలున్నదా, పాముకాటుకు మందున్నదా అని విచారించేవారు అరుదు. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లుంటుంది మన వ్యవహారం. కట్టడానికయ్యే సొమ్ము వేరు, నడపడానికయ్యే సొమ్ము వేరు. ఈ రెండవ సొమ్మును గురించి పాఠకులకు నాలుగు మాటలు చెప్పదలచినాము.

మన కుటుంబాలన్నీ పట్టణాలలోనే లేవు. రాయగడ, కొరాపుట్ కొండల నడుమ, గడ్చిరోలి జిల్లా సిరొంచ వంటి నదీతీరపు మారుమూలల్లో, హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పల్లెలలో తరతరాలుగా ఉంటున్నవారు అనేకులు. వారికి దగ్గరలోనున్న చిన్న సర్కారు ఆసుపత్రి మూతపడితే, లేదా పేరుకు మాత్రమే తెరచియుంటే, కాన్పుకయినా కలరాకయినా కోసుల కొలది పోక తప్పదు.

చిన్న ఆసుపత్రి కష్టం ఎక్కడున్నదో మొదట చూతము. రాత్రి ఒక్క రోగి వచ్చినా, పదిమంది వచ్చినా నర్సు మేలుకొని ఉండవలసినదే. డాక్టరు జీతము, కరెంటు, నీరు, శుభ్రత, వీటి ఖర్చు రోగుల సంఖ్యను బట్టి తగ్గదు. కావున రోగికింత అని లెక్కగట్టి డబ్బు ఇచ్చే ఏర్పాటు రద్దీగల పెద్ద ఆసుపత్రికి అనుకూలము, జనం పలుచగానున్న చోటి చిన్న ఆసుపత్రికి ప్రతికూలము.

సంపన్న దేశమయిన అమెరికాకు సైతం ఈ పాఠము కష్టపడి నేర్వవలసివచ్చినది. అక్కడ 1946లో హిల్-బర్టన్ చట్టం చేసి, ఆసుపత్రుల కొరతగల ప్రాంతాలలో కట్టడాలకు ప్రభుత్వ గ్రాంట్లు ఇచ్చారు. 1983లో వృద్ధుల వైద్యానికి రోగానికింత అని ముందుగానే ధర కట్టి చెల్లించే పద్ధతి వచ్చినది. ఆ తరువాతి ఏండ్లలో పల్లెటూరి ఆసుపత్రులు అనేకం మూతపడ్డవి. చివరకు 1997లో మరొక చట్టం చేసి, 25 మంచాలకు మించని, సాధారణంగా మరొక ఆసుపత్రికి 35 మైళ్ల దూరాన ఉన్న చిన్న ఆసుపత్రులకు, ఆ రోగుల వైద్యానికి న్యాయంగా అయిన ఖర్చును బట్టి చెల్లించే ఏర్పాటు చేశారు. నేడు అట్టివి పదమూడు వందలకు పైగా ఉన్నవి.

మన దేశం సంగతికి వత్తాము. 1946లోనే భోర్ కమిటీ, పల్లె పల్లెకు అందుబాటులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలుండవలెనని చెప్పినది. కేంద్రాలయితే వెలసినవి గాని, కిటికీ అద్దం పగిలినా, పంపు చెడినా జిల్లా కచ్చేరీకి కాగితం వ్రాసి నెలల తరబడి ఎదురుచూడవలసిన స్థితి ఉండేది. 2005 ఏప్రిల్‌లో ఆరంభమయిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఇందుకొక మార్గం చూపినది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏటా 25 వేల రూపాయలు 'అన్‌టైడ్ ఫండ్', అనగా ఫలానా పద్దుకే అని ముడిపెట్టని సొమ్ము. 50 వేలు మరమ్మతులకు. లక్ష రూపాయలు రోగుల సంక్షేమ సమితికి. వెరసి లక్షా 75 వేలు. జిల్లా ఆసుపత్రి సమితికి 5 లక్షలు. ఇది జీతాలకు ఇచ్చినది కాదు. చిల్లర మరమ్మతులు, నీరు, శుభ్రత, అత్యవసరపు మందులు, పేదరోగిని పెద్దాసుపత్రికి చేర్చే బండి కిరాయి, ఇటువంటి వాటికి.

ఈ సమితుల పుట్టుక 1990ల నడుమ ఇండోరులోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో జరిగినది. అక్కడి అనుభవమే తరువాత దేశమంతటా వ్యాపించినది. మన పాఠకులుండే రాష్ట్రాలలో వాటి పేర్లు వేరు వేరు. ఒడిశాలో రోగి కల్యాణ సమితి, మహారాష్ట్రలో రుగ్ణ కల్యాణ సమితి, కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి, తమిళనాట పేషెంట్ వెల్ఫేర్ సొసైటీ. ఇటీవల ప్రాథమిక కేంద్రాల స్థాయిలో జన ఆరోగ్య సమితి అన్న పేరు కూడా వచ్చినది. పేరేదయినా అధికారులతో బాటు స్థానిక ప్రజాప్రతినిధులకు, ఊరి పెద్దలకు వీటిలో చోటుండవలెనన్నదే ఉద్దేశము.

ఇంత ఏర్పాటున్నా సొమ్ము పూర్తిగా ఖర్చు కావడం లేదన్నది విచారకరము. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 27 రాష్ట్రాలలో ఈ మిషన్ క్రింద ఖర్చుగాక మిగిలిపోయిన మొత్తం 2011-12లో 7,375 కోట్లుండగా, 2015-16 నాటికి 9,509 కోట్లకు పెరిగినది. ఒకచోట మందు లేదని రోగిని పంపివేస్తారు, మరొకచోట సొమ్ము బ్యాంకులో నిద్రపోతుంది! సమితి కూడకపోతే తీర్మానము లేదు. తీర్మానము లేకపోతే చెక్కు లేదు.

2018లో వచ్చిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన వంటి భీమా పథకాలున్నవి గదా అని కొందరనవచ్చు. అవి మంచివే, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకొనే చికిత్సకు ఆధారమగుచున్నవి. కాని ఆ సొమ్ము రోగి వెంట పోతుంది. సర్జనుగల పెద్దాసుపత్రి ఆర్జిస్తుంది, సర్జను లేని చిన్నాసుపత్రికి దక్కేది స్వల్పము. కార్డు పేటికలో ఉండి, అర్ధరాత్రి దగ్గరలో తెరచిన తలుపు లేనప్పుడు ఆ కార్డేమి చేయగలదు?

కాబట్టి మన సంఘ శాఖలకు మా మనవి ఒక్కటే. మీ దగ్గరి సర్కారు ఆసుపత్రికి పోయి మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. ఇక్కడి సమితి కడపటిసారి ఎప్పుడు కూడినది? ఈ సంవత్సరం ఎంత సొమ్ము వచ్చినది? దానిలో ఎంత, దేనికి ఖర్చయినది? నోటిమాటకు జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుము కూడా లేదు. డాక్టరుగారిని నిలదీయడానికి గాదు ఇది. పై కచ్చేరీకి ఒంటరిగా వ్రాసి వ్రాసి విసిగిన ఆయనకు ఊరివారి అండ దొరకడానికి.

ఏటేటా ఉగాది ఉత్సవాలకు చందాలెత్తి పందిళ్లు వేసుకొనగల మనకు, ఏడాదికి నాలుగు సార్లు ఆసుపత్రి సమావేశానికి ఒక మనిషిని పంపడం అలవిగానిది కాదు. మన రాష్ట్రంలో మనము అల్పసంఖ్యాకులమే కావచ్చు. ఆసుపత్రి గుమ్మం వద్ద మాత్రం మనమూ, మన ఇరుగుపొరుగువారూ ఒకే వరుసలో నిలుచున్నవారము. శాఖల పెద్దలు ఈ పనికి పూనుకొనగలరని ఆశించుచున్నాము.